చొటి దాటి నాలుగు మైళ్ళు

ఖరగ్‌పూర్ పక్కన నిమ్‌పురా నుంచి పూరీ దాకా మా అమ్మ కాలినడకన వెళ్ళింది. తోడుగా బయల్దేరింది నేను, పూరీ దాకా వెళ్ళింది మా నాన్న. బాలాసోర్‌లో డ్యూటీ మారినట్టు మారాలని ముందే అనుకున్నాం. నాకు పన్నెండు రోజుల సెలవు, ఆయనకి పదిహేను. రైల్వే సంసారంలో మొక్కు తీర్చుకోవడం కూడా షిఫ్టుల్లోనే జరుగుతుంది. కాని నేను బాలాసోర్ చేరనేలేదు. బెల్దా దాటి రెండు మైళ్ళ దగ్గరే నా నడక ముగిసింది. ఎందుకు ముగిసిందో ఇంతకాలం ఎవరికీ సరిగ్గా చెప్పలేదు.

ఆ మొక్కు నా మీదిది. నాకు పదకొండో ఏట టైఫాయిడ్ వచ్చింది. ఇరవై ఒక్క రోజులు జ్వరం దిగలేదు. పిల్లాణ్ణి నాకు వదిలేస్తే పూరీ దాకా నడిచొస్తానని అమ్మ జగన్నాథస్వామికి మొక్కుకుంది. కాలికి చెప్పులు వెయ్యను, పోయేటప్పుడు రైలెక్కను, దారిలో రైలోళ్ళ కప్పు కింద తల వాల్చను అని కూడా చేర్చింది. భూములున్నవాళ్ళు ఏం మొక్కుకుంటారో నాకు తెలియదు గాని, మా ఇంట్లో ఆస్తి అంటే రైల్వే పాసొక్కటే. ఆవిడ దాన్నే దేవుడి ముందు పెట్టేసింది. తర్వాత పదిహేనేళ్ళు ఏదో ఒక అడ్డం. చెల్లి పురుడు, నాన్న సెలవు, వానలు. నేను వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరాక, మోకాళ్ళు పట్టేస్తున్నాయి, ఇంక ఆగను అంది. మొక్కు తీరకపోయినా, మధ్యలో తప్పినా, ఆ జ్వరం మళ్ళీ నన్ను వెతుక్కుంటూ వస్తుందని ఆవిడ గట్టి నమ్మకం. నేను నవ్వేవాణ్ణి. ఇరవయ్యారేళ్ళవాడికి నవ్వు సులువు.

నా కోపమంతా ఆ మూడో షరతు మీద. పూరీ రోడ్డు పక్కనే చాలా దూరం మన లైను వెళ్తుంది. ఏ స్టేషన్ దగ్గర ఆగినా మా శ్రీకాకుళం వైపు గ్యాంగ్‌మేనో, పాయింట్స్‌మేనో కనిపించకపోడు. ఏ ఊరు, ఎవరి తాలూకు అని రెండు మాటలు అడిగి, మూడో మాటకి అన్నం పెట్టి మంచం వేసేవాళ్ళు. అలాంటి ఇళ్ళ దీపాలు అల్లంత దూరంలో కనిపిస్తుంటే, మేము మాత్రం ముక్కూ మొహం తెలియనివాళ్ళ అరుగులు వెతుక్కోవాలి. అదీ నాన్న చేతిలో పెట్టిన కొద్దిపాటి డబ్బులతో. పాసున్నవాడి పెళ్ళాం పాదయాత్రకు పోతోందని ఆయన బయల్దేరేటప్పుడు వేళాకోళం చేశాడు. అమ్మ వినిపించుకోలేదు.

దానికి తోడు నా బుద్ధి ఒకటి. చిన్నప్పట్నుంచీ నాకు ఒక చోట కూర్చోవడం చేతకాదు. కాలుగాలిన పిల్లి అనేది అమ్మ. ఏ బస చూసినా ఇంకో రెండు మైళ్ళు పోతే ఇంతకంటే మంచిది, ఇంతకంటే చవక దొరుకుతుందనిపించేది. బావి ఎంత దూరం, నీళ్ళు ఉప్పగా ఉన్నాయా, పైకప్పు కారుతుందా, పక్కన కల్లు దుకాణం ఉందా, ఇలా వంద ప్రశ్నలు వేసేవాణ్ణి. అమ్మ ఒక్కటే చూసేది. గుమ్మంలో ఆడమనిషి కనబడితే చాలు, మూట దించేసేది. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అని నాకే చెప్పేది.

ఆ సామెత మా విషయంలో తప్పింది. మొదటి రాత్రి ఒక బడి వరండాలో పడుకున్నాం. మేష్టారు డబ్బులు పుచ్చుకోలేదు, పొద్దున్నే పిల్లలు రాకముందు లేచిపోవాలి అన్నాడంతే. రెండో రాత్రి నారాయణ్‌గఢ్‌లో ఒక మిఠాయి కొట్టు వెనక రెండు బల్లలు. రసగుల్లాలు కొంటే పడక ఉచితం. రెండు చోట్లా గాలి ఉంది, దోమలు తక్కువే. అయినా ఇద్దరికీ నిద్ర పట్టలేదు. కారణం ఏమిటా అని చాలాసేపు పొర్లాడాక తెలిసింది. చప్పుడు లేదు. ముప్పై ఏళ్ళు నిమ్‌పురా యార్డు పక్కన, వ్యాగన్లు ఢీకొట్టుకునే చప్పుడులో పడుకున్న మనిషి మా అమ్మ. నేను ఆ చప్పుడులోనే పుట్టాను. ఊరు నిశ్శబ్దంగా ఉంటే మాకు ఎక్కడో ఏదో ఆగిపోయిందని భయం వేస్తుంది.

మూడో రోజు మధ్యాహ్నానికి బెల్దా చేరాం. బజారు దగ్గర ఒక మార్వాడీ ధర్మశాల ఉంది. శుభ్రమైన గది, నీళ్ళు దగ్గర, మనిషికి ఇంత అని చిన్న మొత్తం. అమ్మ మూట దించేసింది కూడా. నేను కాపలావాడితో గొడవ పెట్టుకున్నాను. చీకటిపడ్డాక తలుపు వేస్తే తెల్లారేదాకా తియ్యనన్నాడు. నేనేమైనా ఖైదీనా అని అడిగాను. ఠీక్ హై, నచ్చకపోతే పో అన్నాడు. ఆ మాటకి నాకు చిర్రెత్తుకొచ్చి మూట భుజాన వేసుకున్నాను. అమ్మ మళ్ళీ లేచింది. అప్పటికే రెండు రాత్రులు నిద్ర లేదావిడకి.

రెండు మైళ్ళు నడిచాం. రోడ్డు పక్క ఒక ముసలాయన ఆవుని తోలుకొస్తూ మమ్మల్ని చూసి ఆగాడు. అమ్మ పాదాల వంక చూశాడు. కంకర గుచ్చుకుని ఎడమ కాలి మడమ అప్పటికే పగిలింది, గుడ్డ చుట్టాం. ఆయన ముందుకి చెయ్యి చూపించి, "సామ్‌నేయ్ చొటి పాబే," అన్నాడు.

నాకు బెంగాలీ బాగా వచ్చని నా గర్వం. వర్క్‌షాపులో దాదాలతో రోజూ మాట్లాడేవాణ్ణి, బూతులతో సహా. మా ఖరగ్‌పూర్‌లో చొటి అంటే కాలికి వేసుకునే చెప్పులు. ముందు చెప్పులు దొరుకుతాయంటున్నాడు ఈయన. మొక్కున్నవాళ్ళం, మాకు చొటీ అక్కర్లేదు దాదా అని కాస్త పెడసరంగానే జవాబిచ్చాను. ఆయన నన్ను వింతగా చూసి, మళ్ళీ అదే మాట అని, ఆవుని అదిలించుకుని వెళ్ళిపోయాడు.

ఏమన్నాడని అమ్మ అడిగింది. సెప్పులు కొనుక్కోమంటన్నాడు అన్నాను. అమ్మ నవ్వి, మంచోడే పాపం అంది.

కొంచెం ముందుకెళ్ళాక రోడ్డు వారగా ఒక పొడుగాటి పెంకుటిల్లు వచ్చింది. ముందు తులసికోట, పక్కన బావి, గుమ్మంలో తెల్లచీర కట్టుకున్న పెద్దావిడ బియ్యం చెరుగుతోంది. అమ్మ అడుగు ఆగింది. ఇక్కడ అడిగి చూడమంది. అది ఎవరిదో కొంప, పైగా పశువులపాకలా ఉంది, ముందు ఇంకా మంచిది దొరుకుతుందన్నాను. పెద్దావిడ మమ్మల్ని చూసి చెయ్యి ఊపింది. నేను చూడనట్టు నడిచాను.

తర్వాత నాలుగు మైళ్ళు ఏమీ లేదు. పొలాలు, తాటిచెట్లు, మళ్ళీ పొలాలు. పొద్దు గూకింది. అమ్మ మడమ నుంచి నెత్తురు కారి గుడ్డ తడిసింది. ఆవిడ ఒక చెయ్యి నా భుజం మీద వేసి కుంటుతోంది. నొప్పి అని ఒక్కసారీ అనలేదు. నాకు మాత్రం ఒళ్ళంతా మండిపోతోంది. కాపలావాడి మీద, ఆవు ముసలాయన మీద, దేవుడి మీద. నా మీద తప్ప అందరి మీదా.

చీకట్లో సిగ్నల్ దీపం కనిపించింది. చిన్న స్టేషను. అమ్మని చెట్టు మొదట్లో కూర్చోబెట్టి పరిగెత్తాను. అనుకున్నట్టే ఒక టెక్కలివాడు దొరికాడు. పట్టాల మేకులు చూసుకుంటూ రోజూ లైను వెంట నడిచే కీమేను. పెళ్ళాం ఊరెళ్ళింది, క్వార్టరు ఖాళీ. సంగతి విని జాలిపడి ఒక ప్రశ్న వేశాడు.

"మరి చొటీలో దిగనేదేటి? ఎనక నాలుగు మైళ్ళ కాడ ఉంది గదా. పూరీ నడిసీవోళ్ళందరూ ఆ చొటీలోనే పండుకుంటారు."

చొటి అంటే యాత్రికుల సత్రం కూడానట. ఈ రోడ్డు మీద పాతకాలం నుంచీ అదే మాటట. బెంగాలీల చెప్పులూ వాళ్ళ సత్రమూ ఒకే మాటలో ఇమిడిపోయాయని నాకెవరూ చెప్పలేదు. ముసలాయన రెండుసార్లు చెప్పాడు, ఆ పెంకుటింటి పెద్దావిడ చెయ్యి ఊపి మరీ పిలిచింది.

అప్పుడైనా అమ్మ దగ్గరికి వెళ్ళి తప్పు ఒప్పుకోవలసింది. ఒప్పుకోలేదు. కీమేనుకి నేర్పాను, ఇది ఎవరో జమీందారు కట్టించిన సత్రమని చెప్పాలి, ఒక్క తెలుగు ముక్క మాట్లాడకూడదని. వాడు తల గోక్కున్నాడు గాని సరేనన్నాడు. పొలాలవైపు పెరటి తలుపు గుండా అమ్మని నడిపించుకొచ్చాం. వాడు వచ్చీరాని ఒడియాలో ఏదో గొణిగి చాప వేశాడు. అమ్మ సగం స్పృహలో ఉంది. దండం పెట్టి, గోడకి తిరిగి పడుకుంది. నేను కాలు కడిగి కట్టు కట్టేలోపే గురక వచ్చింది.

పొద్దున్న నేను లేచేసరికి అమ్మ కూర్చుని ఉంది. ముఖం తేటగా ఉంది. "బాగా నిద్దరట్టీసింది నాయినా," అంది. "మనింట్లో పండుకున్నట్టే ఉంది."

అంటూనే ఆగిపోయింది. బయట ఎక్కడో గూడ్సు బండి నిలబడి, వ్యాగన్లు ఒకదానికొకటి తగిలాయి. ఆ చప్పుడు పూర్తిగా అణిగేదాకా విని నా వంక చూసింది.

"ఇది ఎవరిల్లురా?"

"సత్రమే అమ్మా."

"సత్రంలో నాకు నిద్దరట్టదు. రెండు రాత్రులు పట్టనేదు. ఇది రైలోల ఇల్లు."

నేను తల దించుకున్నాను. చొటి సంగతి, కీమేను ఒడియా, అన్నీ చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఆవిడ రోజుకి నాలుగుసార్లు అనే మనిషి, ఆ సామెత కూడా అనలేదు. లేచి మూట కట్టుకుంది. కర్ర ఒకటి అడిగి తీసుకుంది. ముందుకి కాదు, బెల్దా వైపు తిరిగింది.

ఆ కాలితో వెనక్కి నాలుగు మైళ్ళు ఎందుకు, ఇక్కడినుంచే ముందుకి పోదాం, దేవుడికి ఇవన్నీ పడతాయా అని వాదించాను. ఏ కాడ తప్పినామో ఆ కాడినుంచి మళ్ళీ నడవాల అంది. కర్ర ఆనించి బయల్దేరింది. నేను వెనకాల నడిచాను.

మొదటి మైలురాయి దగ్గర ఆగింది. ఆయాసం తీర్చుకుంటోందనుకున్నాను. దగ్గరికి రమ్మని, నా నుదుటి మీద చెయ్యి పెట్టి కాసేపు ఉంచి, మళ్ళీ నడిచింది. రెండో రాయి దగ్గరా అంతే. మూడో రాయి దగ్గర నాకు విసుగొచ్చింది. రోడ్డు మీద బళ్ళవాళ్ళు చూస్తున్నారు, మీసాలొచ్చినవాణ్ణి, ఏమిటీ చాదస్తం అనిపించి ఆ చెయ్యి తోసేశాను. ఆవిడ కర్ర ఎత్తి మళ్ళీ నడవబోయింది. కాని ముఖం చూశాను. అక్కడ కోపం లేదు. పదిహేనేళ్ళ కిందట నా మంచం పక్కన కూర్చున్న ముఖమే అది. పొద్దున్నుంచీ నా మీద కోపగించుకుందనుకున్నాను. ఆవిడ భయపడుతోంది. నాకు సిగ్గేసింది. నేనే ఆ చెయ్యి పట్టుకుని మళ్ళీ నుదుటి మీద పెట్టుకున్నాను. నిన్నటి గాభరాలోనే ఉన్నానేమో, ఆ చెయ్యి ఎలా ఉందో నాకు తట్టలేదు.

మధ్యాహ్నానికి పెంకుటింటికి చేరాం. తెల్లచీర పెద్దావిడ మమ్మల్ని గుర్తుపట్టింది. ఏమీ అడక్కుండా నీళ్ళిచ్చి, లోపల చాప వేసి, రాత్రికి అన్నంతో కలిపి ఎంతివ్వాలో చెప్పింది. మేము తిరిగిన అన్ని చోట్లలోకీ అదే చవక. అమ్మ చాప మీద కూర్చుని, ఇంకోసారి నన్ను పిలిచి నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"సల్లగానే ఉంది," అని గట్టిగా ఊపిరి వదిలింది.

చల్లగా ఉండదా మరి. ఆ చెయ్యి పెనంలా కాలిపోతోంది. మెడ ముట్టి చూశాను, మడమ విప్పి చూశాను. పాదం చీలమండ దాకా వాచి ఉంది. నాలుగు రోజులు ఆ చొటీలోనే పడి ఉంది మా అమ్మ. నేను కబురు పెడితే ఐదో రోజు నాన్న వచ్చి నన్ను డ్యూటీకి పంపించేశాడు. కాలు మానాక మళ్ళీ అక్కడినుంచే వాళ్ళిద్దరూ నడిచారు. అవన్నీ తర్వాతి సంగతులు. ఆ మధ్యాహ్నం మాత్రం ఆ మడమకి మళ్ళీ గుడ్డ చుట్టి తలెత్తాను.

"అమ్మా, నీకు జొరం," అన్నాను.

ఆవిడ తన మెడ తనే ముట్టి చూసుకుంది. "నాకేనా?" అంది. "నీకు కాదు గదా."

కాదన్నాను. సరే అని గోడకి తిరిగి పడుకుంది. రైలు చప్పుడన్నదే లేని ఆ ఇంట్లో, వెంటనే నిద్రపోయింది.