తుపాకీ లైసెన్సు గురించి మాట్లాడుకున్నాం

ఎనభైల మొదట్లో నేను ఆళ్లగడ్డ దగ్గర ఒక పల్లెబడిలో టీచరును. నంద్యాల నుంచి బస్సులో వచ్చే తోటి టీచరును ఒక మధ్యాహ్నం ఆ ఊరి పెద్దరైతు తన ఇంట్లోనే చెరిచాడు. కూతురి చదువు గురించి మాట్లాడాలని కబురు పెడితే, నమ్మి వెళ్లింది.

వారం తర్వాత ఆమె బడికి వచ్చింది. హెడ్మాస్టరు తల దించుకొని అన్నాడు: "ఆడోళ్లకు గూడా తుపాకీ లైసెన్సు ఇయ్యాలమ్మా. సంచిలో ఒకటుంటే ఎవడన్నా మీదికొస్తాడా?"

నాకూ నిజమే అనిపించి, అవునన్నాను.

ఆమె నావైపు తిరిగింది. "ఎప్పుడు తీస్తునక్కా? అన్నా అని పిలిచే మనిషి. కూచోబెట్టి మజ్జిగ ఇచ్చినాడు. తలుపేసేదాకా నాకు తెలీలే. ఒకవేళ కాల్చినా, మా నాయన్ను ఆళ్లు బతకనిస్తారా?"



అయినా హెడ్మాస్టరు నాకోసం లైసెన్సు సంగతి విచారించాడు. మనిషి మంచిదని ఊరి పెద్ద రాసివ్వాలని ఆఫీసులో అన్నారట. ఆ ఊరి పెద్ద ఆ రైతే.

ఆమె ఆత్మకూరుకు బదిలీ చేయించుకుంది. నేను అక్కడే ఉండి, ఆయన కూతురికి రెండేళ్లు చదువు చెప్పాను.