ఎర్ర దారం కట్టని గుడ్డ

ఆ టైలరు కొట్లో ఎవరు అడుగుపెట్టినా గుడ్డ బల్ల మీద పెట్టకముందే "అర్జెంట్" అనేవారు. తెల్లారితే ప్రయాణం ఉన్నవాళ్లంటే సరే, ఎలక కొరికిన దిండు గలీబు తెచ్చినవాడిదీ అదే మాట! టైలరు మెత్తటి మనిషి, ఎవరినీ కాదనలేడు. అర్జెంటు గుడ్డకు ఎర్ర దారం ముక్క కట్టి గోడ అరలో పైన పెట్టడం అతని పద్ధతి. పోనుపోను అర అంతా ఎర్రబడింది. దారం లేనివి అడుక్కి పోయాయి.

ఒక మధ్యాహ్నం పక్కవీధి ఇంగ్లీషు మాస్టారు ప్యాంటు పొడవు తగ్గించమని వచ్చారు. ఆయనదీ అర్జెంటే.

"అసలు ఈ మాట ఎక్కణ్ణుంచి వచ్చింది మాస్టారూ, నా ప్రాణం తియ్యడానికి?" అన్నాడు టైలరు.

"లాటిన్‌లోంచి వచ్చిందోయ్. తొయ్యడం, నెట్టడం అని అర్థం. ఇంగ్లీషువాళ్లు ఆగితే కొంప మునిగే పనికి వాడారు. మనం దేనికి పడితే దానికి వాడేస్తున్నాం."

"అంతమంది తోస్తే ఎవరో ఒకరు పడాలి కదండీ" అని నవ్వాడు టైలరు.

నవ్వుతూనే ప్యాంటుకి చోటు కోసం అరలోని కట్ట లాగాడు. అడుగునుంచి నీలం జాకెట్టు గుడ్డ జారి పడింది. అతని నవ్వు ఆగిపోయింది.

అది అక్కది. అమ్మ పోయాక అతన్ని పెంచింది ఆవిడే. ఆస్పత్రిలో ఆయాగా చేస్తూ, మెళ్లో ఉన్న ఒక్క గొలుసూ అమ్మి ఈ మిషను కొనిపెట్టింది. ఇవాళ్టితో ఆమె ఉద్యోగం అయిపోతుంది, సాయంత్రం సన్మానం. "ఆ రోజు వేసుకుంటాను, వీలు చూసుకుని కుట్టరా" అని ఎప్పుడో ఇచ్చి వెళ్లింది. సన్మానం గుర్తుంది గానీ గుడ్డ సంగతే మరిచాడు.

"మీది రేపు మాస్టారూ" అన్నాడు. ఆ మాట ఎవరితోనైనా అనడం అతనికి అదే మొదలు. అక్క కొలతలు చూసుకోనక్కర్లేదు. తల ఎత్తకుండా కుట్టాడు. ఇస్త్రీ కూడా చెయ్యకుండా పరుగెత్తాడు.

అప్పటికే ఆస్పత్రి హాల్లో కుర్చీలు సర్దేస్తున్నారు. అక్క ఒళ్లో పూలగుత్తి పెట్టుకుని, పాత జాకెట్టు చిరుగు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

"నువ్వు అర్జెంటని చెప్పలేదు కదక్కా..." అనేసి, సిగ్గుతో చచ్చిపోయాడు.

అక్క జాకెట్టు అందుకుని, తిరగేసి కుట్లు చూసింది. బాగుందన్నట్టు తలూపింది.

"నేను కూడా చెప్పాలేంట్రా?" అంది.