పిట్ట ముట్టని విస్తరి

మా ఇంట్లో దయ్యాల మాట ఎత్తడానికి వీల్లేదు. మా తాత ఊరి శిస్తు వసూలు చేసే మాలీ పటేల్. శ్మశానం పక్కనున్న మడిని భయపడి ఎవరూ కౌలుకు పట్టకపోతే తానే దున్నించాడు. ఆ మడిలో పండిన మొదటి బియ్యం ఇంటికి తెప్పించుకుని, పదిమంది చూస్తుండగా వండించుకుని తిన్నాడు. ఆయన పెంపకంలో పెరిగినవాణ్ణి నేను. అరవై దాటేవరకు చూడని దేన్నీ నమ్మలేదు. ఇప్పుడు మిమ్మల్ని కూడా నమ్మమనడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

బాన్సువాడలో మా ఇంటిపేరు చెబితే ఇప్పటికీ కొందరు ముసలివాళ్లు లేచి కుర్చీ ఇస్తారు. మాకు మిగిలిన ఆస్తి అదే. తాతల నాటి పెద్ద భవంతి, మా గడి, చేతులు మారింది. కాలువ కింది భూములు పంపకాలకూ కోర్టులకూ పోగా, నస్రుల్లాబాద్ వైపు రెండెకరాలు నా పేరున ఉన్నాయి. గుమాస్తాగా చేరి, సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. ఉండేది బస్టాండు వెనక కిరాయి ఇంట్లో. అయినా ఇస్త్రీ చొక్కా లేకుండా గడప దాటను.

నా భార్య సుగుణది పిట్లం. ఆమె సముద్రం చూడలేదు. ముప్పై నాలుగేళ్ల కాపురంలో చూపించమని అడగలేదు కూడా.

రెండేళ్ల కిందట సాయిలు అండమాన్ టూర్ వేశాడు. సాయిలు మా ఇంట్లో పాలేరుగా జీతమున్న నర్సయ్య కొడుకు. ఇప్పుడు మెయిన్ రోడ్డు మీద ట్రావెల్స్ దుకాణం నడుపుతున్నాడు. అప్పటిదాకా కాశీకి, షిరిడీకి బస్సులు వేసేవాడు. దీవులకు విమానంలో తీసుకెళ్లడం అదే మొదలు. సుగుణ నాతో చెప్పి, మా ఇద్దరి పేర్లూ రాయించి వచ్చింది. నేను సరేనన్నాను. దుకాణం ఎవరిదో అప్పటికి అడగలేదు.

ఆ నెల రోజులూ ఆమెకు వేరే ధ్యాస లేదు. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని ఫోన్లో సముద్రం వీడియోలు చూసేది. నీళ్లలో పాడవని రబ్బరు చెప్పులు రెండు జతలు కొన్నది. డబ్బా నిండా సకినాలు చేసింది. ఒక కాగితం మీద ఆరు గళ్లు గీసి ఏ రోజు ఏం చేయాలో రాసుకుంది. మొదటి గడిలో విమానం. రెండో గడిలో ఓడ మీద చిన్న దీవికి పోవడం. మూడో గడిలో ‘ఊకె కూసునుడు’ అని ఉంది.

“గిదేంది?” అన్నాను.

“గదే. ఇసుకల ఊకె కూసునుడు. వంట లేదు, బాసన్లు తోముడు లేదు. మీరు గూడ కూసోవాలె. ఆ దినం పేపర్ సదువుడు బంద్.”

తర్వాత నాలుగు రోజులకు దుకాణం సాయిలుదని తెలిసింది. తన వెంట వచ్చేవాళ్లు తప్పిపోకుండా అందరికీ పసుపు టోపీలు పెట్టిస్తాడని, చేతిలో జెండాతో తాను ముందు నడుస్తాడని కూడా తెలిసింది. నర్సయ్య కొడుకు జెండా వెనక టోపీ పెట్టుకుని నడవడం నావల్ల కాదనిపించింది.

సుగుణకు చెప్పకుండా దుకాణానికి వెళ్లి మా పేర్లు కొట్టెయ్యమన్నాను. సాయిలు పెన్ను పట్టుకుని ఆగాడు.

“అమ్మ మస్తు ఆశ వెట్టుకుంది పటేలా.”

“చెప్పింది చెయ్యిరా.”

కొట్టేశాడు. ఇంటికి వచ్చి, సీట్లు నిండిపోయాయట అని సుగుణతో అన్నాను. ఆమె నా మొహం వైపు ఒక్క క్షణం చూసి “పోతె పోనీ తియ్యుండ్రి” అంది. సకినాలు పక్కింటివాళ్లకు పంచిపెట్టింది. సాయిలు బృందం వెళ్లి వచ్చింది. వాళ్లు పెట్టిన ఫోటోలు ఫోన్లో ఒక్కొక్కటే పెద్దవి చేసి చూసింది. 

మరో నెలకు, ఉదయం పూట బట్టలు ఆరేస్తూ పడిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. నిజామాబాద్ దవాఖానలో రెండు రోజులుంది. మళ్లీ మాట్లాడలేదు.

మా దిక్కు మూడోనాడు పిట్టకు పెడతాం. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, విస్తరిలో పెట్టి, దూరంగా నిలబడతాం. కాకి వచ్చి ముడితే వాళ్లు తృప్తిగా వెళ్లినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని, దగ్గరివాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి తీరుస్తామని మాటిస్తారు. పిట్ట ముట్టేదాకా ఎవరూ ఎంగిలిపడకూడదు. నేను చిన్నప్పటి నుంచి దీన్నొక తంతుగానే చూశాను. కాకికి ఆకలైతే వస్తుంది, మనుషులకు జంకితే రాదు, అంతే.

మా రెండెకరాల గట్టు మీద విస్తరి పెట్టేసరికి తొమ్మిదైంది. యాసంగి వరి పచ్చగా ఉంది. మోటారు దగ్గరి కరెంటు తీగ మీద ఏడు కాకులున్నాయి. నేనే లెక్కపెట్టాను. గిన్నె దించేటప్పుడు గట్టు మీద కాస్త అన్నం ఒలికింది. రెండు కాకులు దిగి ఆ మెతుకులు ఏరుకుని తిన్నాయి. విస్తరి అక్కడికి రెండు మూరల దూరం. దాని వైపు చూడను కూడా చూడలేదు. తిరిగి తీగ మీదికి పోయాయి.

పదిన్నర అయింది. మా అక్క కొంగుతో చెమట తుడుచుకుంటూ ముందుకెళ్లింది. “ఉప్పు తక్కువైందా సుగుణా? బతికున్నప్పుడు గూడ నా వంటకు వంకలే వెడ్తివి” అంది. ఒకరిద్దరు నవ్వి, అంతలోనే ఏడ్చారు. మా అమ్మాయి స్వప్న “అమ్మా, నాయిన్ను నేను చూసుకుంట, ఫికర్ చెయ్యకు” అంది. కాకులు కదల్లేదు. మా బావ ఎండలో తూలుతూ “ఇంకేం మిగిలిందో యాద్ జేస్కోండ్రి. షుగర్ మనిషిని, నిలబడలేకపోతున్న” అన్నాడు.

ఏం మిగిలిందో నాకు తెలుసు. చెప్పాలంటే నేను చేసింది కూడా చెప్పాలి. అక్కడ మా కులంవాళ్లున్నారు, పాలివాళ్లున్నారు, ఒకప్పుడు మా దగ్గర పనిచేసినవాళ్లున్నారు. అందరికీ వెనక సాయిలు నిలబడి ఉన్నాడు. పదకొండు దాటేదాకా నా నోరు లేవలేదు.

చివరికి ముందుకెళ్లి “సుగుణా, నీకు సముద్రం చూపిస్త” అన్నాను.

“ఏం సముద్రం తమ్మీ?” అంది అక్క.

అప్పుడు చెప్పాను. దీవులకు పోవాలని ఆమె ఆశపడిందని, నేను పేర్లు కొట్టేయించి సీట్లు లేవని అబద్ధం చెప్పానని, అందరి ముందూ చెప్పాను. జీవితంలో అంత తల వంచుకున్నది అదే మొదలు. ఒక కాకి దిగింది. విస్తరి దాకా గెంతుతూ వచ్చింది. అంచు దగ్గర ఆగి, తల పక్కకు తిప్పి నన్ను చూసి, ఎగిరి తీగ మీదికి పోయింది.

స్వప్న “అయ్యో నాయినా” అని నా చెయ్యి పట్టుకుంది.

అప్పుడు వెనక నుంచి సాయిలు వచ్చాడు. చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “అమ్మా, పటేల్ను నేను తోల్కపోత. నా పక్కన కూసోవెట్టుకుంట. ఇగ నువ్వు...”

ఆ మాట పూర్తి కాలేదు. తీగ మీది ఏడూ ఒక్కసారే దిగాయి. మేము అడుగు వెనక్కు వేసేలోపు విస్తరి మీద ఉన్నాయి.

ఇరవై మందికి పైగా చూశాం.

మొన్న చలికాలంలో సాయిలు మళ్లీ టూర్ వేస్తే వెళ్లాను. రెండో రోజు ఓడ దిగి ఇసుక ఒడ్డుకు చేరాం. సాయంత్రం సాయిలు వచ్చి కాస్త ఎడంగా కూర్చున్నాడు. ఇన్నాళ్లుగా అడగలేనిది అడిగాను. నేను మాటిస్తే ముట్టని పిట్ట అతనిస్తే ఎందుకు ముట్టింది?

సాయిలు ఇసుక గీకుతూ చెప్పాడు.

“మీరు పేర్లు కొట్టిచ్చిన తెల్లారే అమ్మ దుకాన్లకొచ్చింది పటేలా. రిజిస్టర్ల పేర్లు కొట్టేసి ఉన్నది చూసింది. నేను నెత్తి వంచుకున్న. అమ్మ నవ్వింది. ‘నాకు సముద్రం లేకున్న నడుస్తది సాయిలూ. ఆయన ఎవ్వలతోని కలువక ఇంట్లనే గట్టివడిపోతుండు. నేనొచ్చినా రాకున్నా ఎప్పటికన్న ఆయన్ను తోల్కపో’ అన్నది.”

“ఎవరికైనా చెప్పినవా?”

“ఎవ్వలకు చెప్పలే. చెప్తె మీరు నా దుకానే కొట్టిపిచ్చేటోళ్లు” అని నవ్వబోయి, నా మొహం చూసి ఆగాడు.

ఆమె కోరిక సముద్రం అనుకుని అందరి ముందూ మాటిచ్చాను. కోరిక అది కాదు. ఆ సంగతి పొలంలో నిలబడ్డవాళ్లలో సాయిలుకు తప్ప ఎవరికీ తెలియదు. తీగ మీది పక్షులకు ఎలా తెలిసిందో నేను చెప్పలేను. అతని గొంతు కొత్తదని దిగాయా, ఎండకు ఆకలి ముదిరిందా అని ఎన్నో విధాల ఆలోచించాను. మా తాతైతే ఏదో ఒక కారణం చెప్పేవాడు. నాకు ఒక్కటీ నిలబడటం లేదు.

సాయిలు లేచి వెళ్లాక ఒక్కణ్నే కూర్చున్నాను. ఏదైనా కనిపించాలని, ఒక్క గుర్తు చాలునని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కోరుకున్నాను. “సుగుణా” అని పిలిచాను కూడా. ఏమీ రాలేదు. అలలు వచ్చి పోతూనే ఉన్నాయి.

కాసేపటికి అటువైపు నుంచి సాయిలు భార్య కేకేసింది. “పటేలా, అన్నం వెట్టినం, రాండ్రి, సల్లారిపోతది.”

లేచి వెళ్లాను. వాళ్ల మధ్యన జరిగి కాస్త చోటిచ్చారు. కూర్చుని తిన్నాను.