ఎవరి మూర?

నా చిన్నప్పుడు అరసవల్లిలో మా వీధి పిల్లలందరిలోకీ నేనే పొడుగు. పన్నెండేళ్లకే మా అమ్మ తల దాటిపోయాను. ఆడపిల్ల ఇంత ఎదిగితే ఎలాగని ఇంటికి వచ్చినవాళ్లల్లా దిగులుపడేవారు, నాకేదో జబ్బు చేసినట్టు. అందుకని మెడ ముందుకు వంచి, భుజాలు ముడుచుకుని నడవడం అలవాటు చేసుకున్నాను.

మా తాతయ్యది గుడి దారిలో పూలకొట్టు. ఆయన పొట్టి మనిషి, చేతులూ పొట్టే. దండ మూరవేసి ఇస్తుంటే కొనేవాళ్లు ఊరుకునేవారు కాదు. "నీ మూర వద్దు తాతా, ఆ గుంట సేత కొలిపించు" అని నన్ను చూపించేవారు. తాతయ్య ఏమీ అనుకోకుండా దండ నా చేతికిచ్చేవాడు. మోచేతి నుంచి వేలి కొస దాకా నేను వేసే మూరలో, ఆయన మూరకంటే నాలుగు పువ్వులు ఎక్కువే వచ్చేవి. నా పొడుగు వల్ల లోకానికి జరిగే మేలు అదొక్కటే అనుకునేదాన్ని.

మా పక్కింట్లో ఒక అక్క అద్దెకుండేది. చర్చిలో పిల్లలకి కథలు చెప్పేది. మాది గుడి దగ్గర పూలమ్ముకునే ఇల్లే అయినా, కథలంటే చెవి కోసుకునేదాన్ని కాబట్టి ఆవిడ వెంటే తిరిగేదాన్ని. ఆ ఏడు క్రిస్మస్‌కి పిల్లల చేత నాటకం వేయిస్తూ, "కుర్ర దావీదు రాయి ఇసిరి పడగొట్టీసిన రాకాసోడు గొల్యాతు వేషం నీదేనే. బైబిల్లో ఆడు ఆరు మూళ్ల జానెడు మనిషి. మరింకెవులున్నారు మనకి?" అంది. ఆవిడ ముద్దుగానే అంది. చుట్టూ ఉన్న పిల్లలు మాత్రం పగలబడి నవ్వారు.

మర్నాటికల్లా బడిలో నా పేరు పోయి గొల్యాతు అయింది. మగపిల్లలందరూ దావీదులైపోయి, నా వెనక చేరి చింతగింజలు విసిరేవారు. కొన్నాళ్లు ఓర్చుకుని, ఒక రోజు పుస్తకాల సంచి గూట్లో పడేసి, ఇక బడికి వెళ్లనన్నాను. మా నాన్న బతిమాలతాడనుకున్నాను. ఆయన తేలిగ్గా, "పోన్లే, ఇంత ఎదిగిన గుంటకి బడెందుకు, ఇంట్లో పని నేర్సుకుంటాది" అనేశాడు. మా వీధిలో అలా మానేసిన ఆడపిల్ల మళ్లీ బడి గడప తొక్కడం నేను చూడలేదు. మానేస్తానన్నది నేనే అయినా, గూట్లో పడేసిన సంచి తీసి ఒళ్లో పెట్టుకు కూర్చున్నాను.

తాతయ్య నాన్నతో వాదించలేదు. ఆ సాయంత్రం పక్కింటి అక్కని మా అరుగు మీదికి పిలిచాడు. "అమ్మా, ఆ రాకాసోడు ఆరు మూళ్లన్నావట. ఎవులి మూర?" అని అడిగాడు.

అక్క తెల్లబోయింది. "ఎవులి మూరో పుస్తకంలో నేదు తాతా."

"మూర ఎవులిదో తెలీకుండా ఎత్తు ఎలా సెప్పీసినావు? నా కొట్టుకొచ్చినోళ్లు దండకే ఒప్పుకోరు. మనిషికి ఒప్పేసుకుంటామేటి?"

లోపలికెళ్లి అరటినార తెచ్చి, నన్ను గోడకి ఆనించి నిలబెట్టాడు. మెడ ఎత్తమన్నాడు. మడమ నుంచి నడినెత్తి దాకా నార పట్టి, ఆ నారని నా మూరతో నన్నే కొలవమన్నాడు. నాలుగొచ్చింది. తర్వాత మా చిన్న తమ్ముణ్ని నిలబెట్టాడు. వాడి బుల్లి చేతితో కొలిస్తే వాడూ నాలుగే. అక్క సిగ్గుపడుతూ నిలబడింది, ఆవిడా నాలుగే. ఆఖరికి తాతయ్యని నేను కొలిచిపెట్టాను. ఊరంతా పొట్టిదని పేరుపెట్టిన ఆ మూరతో ఆయన కూడా నాలుగు మూళ్ల మనిషే, ఓ వేలు అటూ ఇటూ.

"సూసినావేటే? ఆ గొల్యాతు తన సేత్తో తను కొలుసుకుంటే ఆడూ నాలుగే. ఆరన్నోడు తన మూరతో ఆడిని కొలిసీసినాడు. పక్కోడి సేత్తో కొలిస్తే ఎవులైనా రాకాసే" అన్నాడు.

అక్క నవ్వేసి ఊరుకోలేదు. ఆ పుస్తకంలోనే ఇంకో కథ ఉందని చెప్పింది. కొత్త దేశం చూసి రమ్మని పంపిన వేగులవాళ్లు తిరిగొచ్చి, అక్కడివాళ్లు మహాకాయులనీ, వాళ్ల ముందు తాము మిడతల్లా అనిపించామనీ చెప్పారట. వాళ్ల ఎత్తు ఎన్ని మూళ్లో మాత్రం చెప్పలేదట. "బెదిరిపోయినోళ్లు మూరెక్కడ వేస్తారు" అన్నాడు తాతయ్య. తొమ్మిది మూళ్ల ఇనప మంచమున్న రాజు కథ కూడా చెప్పబోతే, "మంచాన్ని బట్టి మనిషిని కొలవకమ్మా, మా మంచం మీద నేనూ ముగ్గురు మనవలూ పడుకుంటాం" అని కొట్టిపారేశాడు. నవ్వీ నవ్వీ నాకు ఏడుపొచ్చేసింది. ఆయన మీద అంత ప్రేమ అంతకుముందెప్పుడూ కలగలేదు.

మర్నాడు, నాన్న అడ్డు చెప్పేలోపే సంచి తగిలించుకుని బడికి వెళ్లాను. చింతగింజలు ఎప్పటిలాగే వీపున తగిలాయి. మెడ మాత్రం వంచలేదు. క్రిస్మస్ నాటకంలో బుర్రమీసాలు పెట్టుకుని నిటారుగా వచ్చి నిలబడితే, ముందు వరసలో కూర్చున్న తాతయ్య "నాలుగు మూళ్లే!" అని అరిచాడు. దావీదు రాయి విసరడం మరిచిపోయి నవ్వేశాడు. అక్క తెర పక్కనుంచి "పడవే, పడు" అని సైగలు చేస్తుంటే, ఏ దెబ్బా తగలకుండానే పడిపోయాను.

ఇప్పుడు మా మనవరాలు నాకంటే పొడుగు. మొన్న ఫోనులో ఏదో చదువుతూ, "మామ్మా, పాత రాతప్రతులు కొన్నింట్లో గొల్యాతు ఎత్తు నాలుగు మూళ్ల జానెడేనట" అంది. నాకు ఒళ్లు పులకరించింది. తాతయ్య ఉంటే పరుగున వెళ్లి చెప్పేదాన్ని. మిగిలిన ఆ జానెడూ తలపాగా అయుంటాదని ఆయన తేల్చేసేవాడు.

చెప్పిన పిల్ల చూస్తే మెడ ముందుకు వంచుకుని కూర్చుంది, అచ్చు నాలాగే. లేపి గోడకి నిలబెట్టి, దాని మూరతోనే దాన్ని కొలిపించాను. తర్వాత అది నన్ను నిలబెట్టి, నా చెయ్యి పట్టుకుని కొలిచి, "నువ్వు నాలుగు లేవు మామ్మా" అని నవ్వింది. నిజమే, లేను. నా నడుం వయసుకి వంగిపోయింది. సిగ్గుకి మాత్రం, ఆ సాయంత్రం తర్వాత మళ్లీ వంగలేదు.