ఆఖరున వచ్చినవాడి పాట

కొడవలూరు చెంచురామయ్య ఏ విందుకు పోయినా, పైపంచె కొస మెలిపెట్టుకుంటూ స్తంభానికి ఆనుకుని నిలబడి, అందరూ కూర్చున్నాకే కూర్చుంటాడు. నెల్లూరులో పాత విద్యార్థులు కలిసిన రోజూ అంతే. హాస్టల్లో భోజనానికి ఆఖరున వచ్చినవాడు పాట పాడాలనేది అప్పటి ఆనవాయితీ. "ఏడాదంతా మన యాకోబే పాడినాడు, ఏం గొంతురా!" అని అందరూ మురిసిపోతున్నారు. యాకోబు ఎందుకు ఆలస్యంగా వచ్చేవాడో చెంచురామయ్యకు తెలుసు. మొదటిరోజు యాకోబు వచ్చి పక్కన కూర్చోగానే కంచం తీసుకుని లేచిపోయింది తనే. మర్నాటినుంచి యాకోబు అందరూ సర్దుకున్నాకే వచ్చేవాడు.

"ఈ పొద్దు ఆఖరు నువ్వే, పాడాల్సిందే!" అని మిత్రులు అరిచారు. చెంచురామయ్య పైపంచె కొస మెలిపెడుతూ స్తంభం దగ్గరే నిలబడ్డాడు. యాకోబు చాప మీద కాస్త జరిగి చోటిచ్చాడు.

"పాట వద్దులే చెంచురామయ్యా, నా పక్కన కూర్చో. ఈసారి మాత్రం లేవబాకు."