పన్నెండు పేర్ల మధ్య ఖాళీ

అడగకముందే ఊపిరినిచ్చి, ఆ ఊపిరితోనే తన పేరు పలికించుకునే శ్రీమన్నారాయణునికి మొదట నా దండం. కళ్ళున్నవారికీ లేనివారికీ ఆయనే వెలుగు.

మా అక్క ఉండేది మదురైలో, నేను సింగానల్లూరులో. పెళ్ళిళ్ళు కాకముందు భజన గోష్ఠిలో అక్క పక్కనే నా చోటు. పెద్దలు స్వామి పన్నెండు పేర్లూ ఒక్కొక్కటే పలుకుతారు. మిగతావాళ్ళం పేరు పేరుకూ "గోవిందా" అంటాం. అది ముగియనిదే అక్క మెతుకు ముట్టదు. చక్కెర జబ్బు చూపు తీసేశాక ఆమె గోష్ఠికి వెళ్ళడం ఆగిపోయింది. వచ్చిన సందేశాలను ఆడగొంతుతో చదివి వినిపించేలా అక్క కోడలు ఆమె ఫోను సర్ది పెట్టింది. రోజూ పొద్దున ఆ పేర్లు రాసి పంపే పని నేను తీసుకున్నాను.

మొదటి రోజు పన్నెండూ వరసగా రాశాను. అక్క ఫోను చేసింది.

"ఏమే, ఫోన్లో ఆ యమ్మకు మూచ్చే లేదా, ఊపిరే తీసుకోదా? నేను ఊపిరి పట్టి నోరు తెరిసేలోపల దామోదరుడి దాకా పొయ్యింది."

మరునాడు ఒక్కో పేరునూ ఒక్కో సందేశంగా పంపాను. ప్రతిదానికీ ముందు ఫోను నా పేరు చెప్పిందట.

"స్వామిని పన్నెండు తూర్లు, నిన్ను పన్నెండు తూర్లు. నువ్వెప్పుడు దేవుడైనావే?"

చివరికి ఒకే సందేశంలో పేరుకూ పేరుకూ మధ్య చుక్కలు, ఖాళీ వరుసలు పెట్టాను. ముందు నా ఫోనులో చదివించుకుని, ఆ ఖాళీలో గోవిందా అని చూసుకుని, సరిపోతేనే పంపేదాన్ని.

పోయిన ఆడి నెలలో, ఆషాఢం రోజుల్లో, అక్కకు పక్షవాతం వచ్చింది. మాట ముద్దయింది. ఖాళీలు పెంచాను. ఇంకా పెంచాను.

"చిన్నత్తా, అత్త మూడో పేరుకాడ ఉండంగానే ఫోను ముగించేస్తాది," అంది కోడలు. "పన్నెండూ కాలేదని, గంజి పెడితే నోరు మూసుకుంటాది."

పేర్లు తగ్గించడానికి నాకు చెయ్యి రాలేదు. గోష్ఠిలో ఒక్క పేరు జారినా మళ్ళీ మొదటి నుంచి అందుకునేవాళ్ళం. రెండు రోజులు గంజి వెనక్కే పోయింది. మూడో రోజు "కేశవా" అని ఒక్కటే రాసి, ఖాళీ విడిచి, కింద ఇలా రాశాను: "మిగతా పదకొండూ నేను అంటాలే అక్కా. నువ్వు గంజి తాగు." నా గొంతుతో చెప్పలేక ఆ మాట యంత్రానికి అప్పగించాను. పెదవి కదిలిందట. నాలుగు చెంచాలు తాగిందట.

నిన్న ఆ ఒక్క పేరుకూ పెదవి కదలలేదు. గంజికి నోరూ తెరవలేదు.

రేపూ పంపుతాను. ఇది చదివే అమ్మలారా, అయ్యలారా, ఆ ఖాళీకి మీ ఊపిరి ఒకటి ఇవ్వండి. మా అక్క బదులు నాతో కలిసి ఒక్కసారి గోవిందా అనండి.