మూలమట్టం పెట్టిన పాదం

ఆ వీధిలో ఆమెను కాజాలమ్మాయి అంటారు. దర్జీ కొట్టు నుంచి సంచీ నిండా చొక్కాలు తెచ్చుకుని, గుమ్మంలో వెలుతురు పడే చోట కూర్చుని కాజాలు తీసి, గుండీలు కుట్టి ఇవ్వడం ఆమె పని. పెళ్ళయి బిడ్డ తల్లయినా ఆ పేరు మారలేదు. మాట తక్కువ మనిషి. ఎప్పుడు చూసినా పళ్ళ మధ్య దారం ఉంటుంది కాబట్టి మాట్లాడదని జనం అనుకునేవాళ్ళు. అసలు సంగతేమిటంటే ఆ ఇంట్లో ఆమె మాటకు జాగా దొరికేది కాదు. అత్తగారు మాట్లాడేది. అత్తగారు ఊపిరి తీసుకునేటప్పుడు మొగుడు మాట్లాడేవాడు.

మొగుడు వడ్రంగి మేస్త్రి. తలుపులూ కిటికీలూ బిగించడంలో చెయ్యి తిరిగినవాడు. తోటి పనివాళ్ళు అతనికి, మూల తిన్నగా ఉందో లేదో చూసే పనిముట్టు పేరే, మూలమట్టం అని పెట్టారు. ఎవరింటికి వెళ్ళినా ముందు గోడ మీద పటం సరిచేసి గానీ కుర్చీలో కూర్చోడు. "ఒరేయ్, మూలమట్టం వస్తున్నాడు, నిటారుగా నిలబడండ్రా, లేకపోతే చిత్రిక పట్టేస్తాడు" అని టీకొట్టు దగ్గర ఏడిపించేవాళ్ళు. అతనికది వేళాకోళంలా అనిపించేది కాదు. పొగడ్త కిందే జమ కట్టుకునేవాడు.

అలాంటివాడికి పుట్టిన కొడుకు కుడి పాదం లోపలికి మడత పడి ఉంది. మడమ పైకి లాక్కుపోయి, అరికాలు రెండో కాలి వైపు తిరిగి ఉంది. "మా వైపు ఇలాంటిది ఎవరికీ లేదు" అంది అత్తగారు, మిగతా సగం కోడలి మొహం చూస్తూ అనకుండా వదిలేసింది. ఆసుపత్రి నర్సు మాత్రం, "కంగారు పడకమ్మా, దీనికి మందుంది. పెద్ద ఊళ్ళో పాదాల డాక్టరు ఒకాయన ఉన్నాడు. కట్లు కట్టి తిప్పేస్తాడు. ఎముక ముదరకముందే వెళ్ళు" అని దారి చెప్పింది.

మేస్త్రి అప్పుడు ఊళ్ళో లేడు. దూరంగా ఎక్కడో అంతస్తుల భవనానికి తలుపులన్నీ ఒప్పుకుని అక్కడే ఉంటున్నాడు. ఫోన్లో, "పని మధ్యలో వదిలేసి ఎలా రాను? నువ్వే తీసుకెళ్ళు. ఏం చెప్తే అది చెయ్యి" అన్నాడు.

ఆమె చేసింది. వారం వారం తెల్లారకముందే లేచి, మొదటి బస్సు పట్టుకుని, మధ్యలో ఒకచోట దిగి ఇంకో బస్సు మారి, మిట్టమధ్యాహ్నానికి ఆ ఆసుపత్రి వరండాలో కూర్చునేది. వెళ్ళేటప్పుడు ఒడిలో పాత కట్టు, వచ్చేటప్పుడు కొత్త కట్టు. వేలి కొసల నుంచి తొడ దాకా తెల్లటి పిండికట్టు. అది తడవకూడదు. నెలల పిల్లాడు తడపకుండా ఉంటాడా? కట్టు చుట్టూ ప్లాస్టిక్ సంచీ చుట్టి, కాజాల దారంతోనే కుట్టు వేసేది. బస్సులో బుడ్డోడు కాలు జాడిస్తే పక్క సీటు వాళ్ళ మోకాలికి ఠప్పున తగిలేది.

"ఏమ్మా, మీవాడు అప్పుడే బంతాట మొదలెట్టాడా?" అన్నాడు కండక్టరు మొదటిసారి. ఆమె నవ్వింది. మూడోసారీ అదే అన్నాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూసింది.

ఆడవాళ్ళు అంతకన్నా నయం కాదు. "పసిగుడ్డుని ఎక్కడ పడేశావే తల్లీ?" అని ఒకావిడ బస్సంతా వినబడేట్టు అడిగింది. పడెయ్యలేదనీ, పుట్టుకతోనే అంతనీ చెప్తే, "అయ్యో, కడుపుతో ఉన్నప్పుడు ఏం చేశావో మరి" అంది. ఆ తర్వాత ఎవరడిగినా కాజాలమ్మాయి "అవునండీ, పడేశాను" అని చెప్పేసేది. దాంతో ఊరుకునేవాళ్ళు.

పాదాల డాక్టరు ముసలాయన. విసుగు మనిషే గానీ, చేతులు మెత్తన. కట్టు విప్పి, పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, మైనాన్ని వంచినట్టు ఆవగింజంత ఆవగింజంత బయటికి తిప్పి, అలాగే పట్టుకుని కొత్త కట్టు వేయించేవాడు. కడపటి కట్టుకు ముందు మడమ వెనక బిగుసుకున్న నరానికి చిన్న గాటు పెట్టాడు. ఆ కట్టు కూడా విప్పిన రోజున పాదం నేరుగా, బల్లపరుపుగా ఉంది. కాజాలమ్మాయి బొటనవేలితో అరికాలు తడిమి చూసింది.

"ఇది మావాడి కాలేనా అండీ?"

"కాదు, పక్క గదిలోంచి అరువు తెచ్చాం" అన్నాడు డాక్టరు. వెంటనే మొహం మార్చాడు. "నవ్వింది చాలు, విను. అసలు వైద్యం ఇప్పుడు మొదలు. కాలికి పాత బుద్ధి ఉంటుంది, మళ్ళీ లోపలికి లాగుతుంది. ఈ బూట్లు తియ్యకుండా ఉంచితేనే నిలుస్తుంది. లేదా, నా కష్టం, నీ తిరుగుడు అన్నీ బూడిదలో పోసినట్టే."

రెండు చిన్న బూట్లు, వాటి మధ్య ఒక బద్ద. బద్దకు రెండు కొసలా బూట్లు స్క్రూలతో బిగించి ఉన్నాయి. బాగున్న కాలి బూటు కాస్త బయటికి, బాగుచేసిన కాలి బూటు బాగా బయటికి తిరిగి ఉన్నాయి. చూడ్డానికి రెండు బూట్లూ తగువాడుకుని చెరో దిక్కూ పట్టినట్టుంది. బుడ్డోడు రెండు రోజులు ఏడ్చి అలవాటు పడ్డాడు. మళ్ళీ చూపించినప్పుడు డాక్టరు, "శభాష్ అమ్మా" అన్నాడు. ఆ ఇంటికి కోడలిగా వచ్చాక ఆమె ఆ మాట వినడం అదే మొదలు. కాళ్ళు పెరిగాయని పెద్ద బూట్లు బిగించి ఇప్పించి, ఇక మూడు నెలలకు రమ్మన్నాడు.

మేస్త్రి పని ముగించుకుని ఇంటికొచ్చింది అప్పుడే.

కొత్త బూట్లు కదా, బుడ్డోడు ఒకటే ఏడుపు. మేస్త్రి వాణ్ణి మంచం మీద పడుకోబెట్టి, వంగి, ఒక కన్ను మూసి బద్ద వెంట చూశాడు. అచ్చం తలుపు చట్రం చూసినట్టే.

"ఎవడే దీన్ని బిగించింది?"

"ఆసుపత్రిలో బూట్లాయన."

"తాగి బిగించాడా? ఒకటి తూర్పు, ఒకటి పడమర. రెండూ ఒక్క కోణంలో కూడా లేవు. పిల్లాడు ఏడవక ఏం చేస్తాడు?"

"అలాగే ఉండాలన్నారండీ. ఇంతకుముందువీ అలాగే..."

"ఇంతకుముందువీ వాడే కదా బిగించింది."

"డాక్టరుగారు చెప్పారు."

"డాక్టరు స్క్రూ తిప్పుతాడా? ఆయన చెప్తాడు, చేసేవాడు చేసేస్తాడు. నేను చూళ్ళేదా ఇలాంటి పనులు? కొలతలు నువ్వు నాకు నేర్పుతావా?"

"ముట్టుకోకండి, నా మాట వినండి."

"ఏమే, వాడేదో పని తెలిసినవాడు చేస్తున్నాడు, నీకెందుకే మధ్యలో?" అంది అత్తగారు వంటగదిలోంచి.

మేస్త్రి పనిముట్ల పెట్టె తెరిచాడు. స్క్రూలు వదులు చేసి, రెండు బూట్లకూ మూలమట్టం పెట్టి చూసుకుని, ముక్కులు రెండూ సూటిగా ముందుకు ఉండేట్టు తిప్పి, గట్టిగా బిగించాడు. పని చక్కగా ఉంది. ఆ మాట ఒప్పుకోవాలి. రెండు బూట్లూ బడిపిల్లల్లా బుద్ధిగా పక్కపక్కన నిలబడ్డాయి. తొడిగిన కాసేపటికి బుడ్డోడు ఏడుపు ఆపి నిద్రపోయాడు.

"చూశావా?" అన్నాడు మేస్త్రి.

చూసింది. ఏడుపు ఆగడం కళ్ళ ముందే కనిపిస్తోంది. చొక్కా అందుకుని కాజా తీయడం మొదలుపెట్టింది.

ఆ మూడు నెలలూ ఒక్క పూట కూడా ఎగ్గొట్టకుండా ఆమె బూట్లు తొడిగింది. అత్తగారు వీధిలో చెప్పుకుంది: "పెద్ద డాక్టర్లట, పెద్ద డాక్టర్లు! నా కొడుకు చెయ్యి పడ్డాక గానీ బిడ్డ కుదుటపడలేదు." నెమ్మదిగా బుడ్డోడి మడమ బూట్లో కిందికి ఆనడం మానేసింది. స్నానం చేయించేటప్పుడు వేళ్ళు లోపలికి చూస్తున్నట్టు అనిపించి మొగుడితో చెప్పింది. "నీకు వంకర చూడ్డం అలవాటైపోయింది" అన్నాడు.

గడువుకు ఆసుపత్రికి ఈసారి అతనూ బయల్దేరాడు. కారణం ఉంది. దారి పొడుగునా ఆ బూట్లాయన పని గురించీ, తాను దాన్ని ఎలా సరిచేశాడో దాని గురించీ డాక్టరుకు ఏ మాట ముందు చెప్పాలి, ఏది తర్వాత చెప్పాలి అని సర్దుకుంటూనే ఉన్నాడు. "ఇలాంటి పొరపాటు ఇంకెవరికీ జరక్కూడదు కదే, చెప్పడం మంచిది" అన్నాడు.

డాక్టరు పాదం చేతిలోకి తీసుకున్నాడు. నెమ్మదిగా నొక్కి చూశాడు. మడమ పట్టుకుని కిందికి లాగాడు. రాలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"మానేశావన్నమాట" అన్నాడు ఆమెతో.

"లేదండీ. ఒక్క రోజు..."

"అందరూ ఇదే చెప్తారు. పిల్లాడు ఏడ్చాడు, జాలేసింది, విప్పేశావు. ఈ రోజు ఏడవకుండా చూసుకున్నావు, రేపు వీడు జీవితాంతం పాదం అంచు మీద నడుస్తాడు. చదువుకోనివాళ్ళంటే వేరు, నీకు అన్నీ విడమరిచి చెప్పానే!"

కాజాలమ్మాయి మొగుడి వైపు చూసింది. దారంతా సర్దుకుంటూ వచ్చిన మాటలు అతని నోట్లో ఒక్కటీ లేవు. కిటికీ చట్రం వైపు చూస్తున్నాడు.

ఆమె సంచీలోంచి బూట్లు తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరు వాటిని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఎవరు తిప్పారు వీటిని?"

"మాకిచ్చిందే అలా ఉందండీ" అన్నాడు మేస్త్రి.

డాక్టరు బూట్లాయన్ని పిలిపించాడు. చేతికి జిగురంటిన సన్నటి మనిషి తలుపు దగ్గర నిలబడ్డాడు. బూట్లు చూడగానే మొహం పాలిపోయింది. "నేనిలా బిగించను సార్. ఇన్నేళ్ళలో ఎప్పుడూ..." అన్నాడు.

"బిగించావో లేదో తర్వాత సంగతి. మూడు నెలల కిందట నీ చేతి మీదుగా వెళ్ళినవన్నీ వెనక్కి రావాలి. సిస్టర్, ఆ పిల్లలందరి ఇళ్ళకూ ఫోన్ చెయ్యండి. రేపే రమ్మనండి."

ఆ పిల్లల తల్లులను కాజాలమ్మాయి ఎరుగును. వరండాలో పక్కపక్కన కూర్చున్నవాళ్ళే. ఒకామె ఆమె కన్నా దూరం నుంచి, బస్సూ పడవా మారి వచ్చేది.

"అక్కర్లేదండీ" అంది. "ఎవర్నీ పిలవక్కర్లేదు. ఈయనే తిప్పారు. ఏడుస్తున్నాడని, వంకరగా ఉన్నాయని తిప్పారు. నేను ఒకసారి వద్దన్నాను. తర్వాత ఊరుకున్నాను."

బూట్లాయన తల దించుకుని బయటికి వెళ్ళిపోయాడు.

"ఏం పని చేస్తావు నువ్వు?" అనడిగాడు డాక్టరు.

"వడ్రంగం."

"చెయ్యి బాగుంది. స్క్రూ ఒక్క పిసరు కదల్లేదు. అదే కొంప ముంచింది." డాక్టరు గొంతులో కోపం కూడా మిగల్లేదు. "తలుపు పెరగదయ్యా. కాలు పెరుగుతుంది. మనం తిప్పిన వైపే పెరుగుతుంది. ఇది నేరుగా రావాలంటే ఎక్కువగా బయటికి తిప్పి ఉంచాలి. నువ్వు నేరుగా ఉంచావు, అది లోపలికి పోయింది."

మళ్ళీ మొదటి నుంచీ కట్లు. వయసు పెరిగింది కాబట్టి ఈసారి అంత తేలిగ్గా లొంగదనీ, లొంగకపోతే పెద్ద ఆపరేషనేననీ చెప్పాడు.

తిరుగు బస్సులో మేస్త్రి వేరే సీట్లో కూర్చున్నాడు. దిగే చోటు దగ్గరపడ్డాక వెనక్కి తిరిగి, "నలుగురిలో నా పరువు తీశావు" అన్నాడు.

"నన్ను తిడుతున్నప్పుడు మీరెక్కడున్నారు?" అంది ఆమె. ఒడిలో ఆ రోజే వేసిన కట్టు ఇంకా ఆరక చల్లగా ఉంది.

ఇంట్లో అత్తగారు వారం రోజులు కోడలితో మాట్లాడలేదు. "మగాణ్ణి నడిబజార్లో నిలబెట్టి వచ్చింది" అని గోడలకు చెప్పేది. గోడలు వింటున్నాయి కాబట్టి వీధీ విన్నది. టీకొట్టు దగ్గర మేస్త్రిని ఏడిపించడం మానేశారు. అతను వస్తే మాట మార్చేవాళ్ళు.

ప్రయాణాలు మళ్ళీ ఆమెవే. ఈసారి బుడ్డోడు బరువెక్కాడు, కట్టు బరువెక్కింది. ఎవరో ఒకరు "ఎక్కడ పడేశావమ్మా?" అని అడుగుతూనే ఉన్నారు. వారాలు గడుస్తుంటే పాదం వచ్చింది, మొండికేస్తూ, కొంచెం కొంచెంగా. మొదటిసారి వచ్చినంత రాలేదు. "ఆపరేషన్ తప్పింది. ఇది నిలిస్తే అదే పదివేలు" అన్నాడు డాక్టరు. కొత్త బూట్లు ఇచ్చే రోజున తండ్రి కూడా రావాలని కబురు పెట్టాడు. మేస్త్రి వచ్చాడు. గది లోపలికి రాకుండా తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"ఇంట్లో వీటిని ఎవరు తొడుగుతారు? ఎవరు విప్పుతారు?" అనడిగాడు డాక్టరు.

"నేనే. ఈయన ముట్టుకోరు" అంది కాజాలమ్మాయి.

తలుపు దగ్గర మనిషి విన్నాడు.

ఇప్పుడు బుడ్డోడు కూర్చుంటున్నాడు. బద్దను నేలకేసి బాదితే చప్పుడొస్తుందని కనిపెట్టాడు. సాయంత్రం తండ్రి పని నుంచి రాగానే రెండు కాళ్ళూ ఒక్కసారే పైకెత్తి, ఎత్తుకోమని కేకలు పెడతాడు. మేస్త్రి రెండడుగుల దూరంలో ఆగిపోతాడు. పిల్లాణ్ణి ఎత్తుకుంటే ఆ బద్దను ముట్టుకోక తప్పదు. చేతులకు అంటుకున్న రంపపు పొట్టు దులుపుకుంటూ, "ఏమే, వీడు పిలుస్తున్నాడు" అంటాడు.

పిలిచేది ఎవర్నో ఆమెకూ తెలుసు. ఎత్తుకోండి, ఏం ఫర్వాలేదు అని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట నాలుక చివరి దాకా వస్తుంది కూడా. ఆమె సూదిని చొక్కాకు గుచ్చి, లేచి వచ్చి, తనే ఎత్తుకుంటుంది.